పధ్నాలుగో వరుస

నాఖెలారి ద్రాక్ష పాఠశాల, కఖేతి
17 ఫిబ్రవరి 1986, సోమవారం

పిక్రియాకు ఆశీస్సులు.

నెల మొదటి ఆదివారం తప్ప నేను ఉత్తరం రాయను. ఈ రోజు రాయడానికి కారణం, ఉదయం ఎనిమిదింటికి బడి నోటీసు బోర్డు మీద అంటించిన ఉత్తర్వు. తాగుడు మాన్పించే ఉద్యమం మా గేటు దాకా వచ్చింది. బడి తోటలో సగం ఏప్రిల్ ఇరవైలోగా పెరికివేయాలట. విద్యార్థులు కత్తిరింపు నేర్చుకునే పాఠపు తోట, పధ్నాలుగు వరుసలూ, మొత్తం పోవాలట. నేలమాళిగలో పూడ్చిన బానలు కడిగి, వచ్చే పంట నుంచి వైన్‌కు బదులు టమాటా రసం పట్టాలట.

నేను రిటైరై పదకొండేళ్లయినా తీగల రిజిస్టరు నా దగ్గరే ఉంది. ఎందుకంటే దాన్ని తప్పు లేకుండా రాసేవాళ్లు ఇంకా దొరకలేదు. రిజిస్టరు తీసుకుని ప్రిన్సిపాల్ రామాజ్ గదికి వెళ్లాను. రామాజ్ నా శిష్యుడే. లేచి నిలబడ్డాడు గాని కళ్లు ఎత్తలేదు.

"టీచరమ్మా, పైనుంచి కాగితం వచ్చాక మనమేం చేయగలం చెప్పండి?"

"అది తర్వాత. ఆ కాగితం రాసినవాడు జన్మలో ఒక్క తీగైనా నాటాడేమో ముందు కనుక్కో."

"కాస్త మెల్లగా అనండి, వరండాలో జనం ఉన్నారు."

"వాళ్ల కోసమే గట్టిగా అంటున్నాను."

నేలమాళిగలో బానలు చూసుకునే ముసలి షక్రో వాటి మధ్య బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఉన్నాడు. "నా పిల్లలకి పోసిన నీళ్లకన్నా వీటికి పోసిన నీళ్లే ఎక్కువ. ఇందులో టమాటా రసమా? అయితే ముందు నన్ను దింపండి, మూత పెట్టి మట్టి మెత్తండి" అన్నాడు. లేచి పని చూసుకోమన్నాను.

ఈ ఉత్తర్వుకు పటం గీసింది మీ భూకొలతల ఆఫీసే అయి ఉంటుంది. ఆ పటం నువ్వు చూశావా? చూసి ఉంటే నాకెందుకు రాయలేదు? సూటిగా జవాబివ్వు.

గురువారం బస్సులో నీకు చేరవలసినవి: గొర్రెపాల చీజ్ ముద్దలు 2, పుల్ల ప్లమ్ పచ్చడి సీసా 1, చిక్కుడు గింజలు 3 కిలోలు, కత్తిరించిన తీగకొమ్మల కట్ట 1. కట్టలో కొమ్మలు 40, అన్నీ పధ్నాలుగో వరుసవి. చల్లని చోట ఉంచు. వాటిని ఏం చేయాలో మన ఇంటి మనిషికి నేను రాయనక్కరలేదు.

అమ్మమ్మ
దారెజాన్

*

తబిలిసి
26 ఫిబ్రవరి 1986

అమ్మమ్మా,

అన్నీ చేరాయి. పచ్చడి సీసా ఒలకలేదు. చీజ్ ఒక ముద్ద మా అత్తగారు చూసీ చూడగానే తన అలమారులో పెట్టి తాళం వేసుకున్నారు. నీ చేతి చీజ్ అంటే ఆవిడకి కోడలికన్నా ఇష్టం.

తీగకొమ్మలు చూసి మా ఆయన బాద్రి గంతులేశాడు. ఊళ్లో ఎక్కడ చూసినా బొగ్గులే, మాంసం కాల్చడానికి అసలైన ద్రాక్షపుల్ల కనబడి ఎన్నేళ్లయిందో! ఆ తోట పోబోతోందని చెబితే అతని ముఖం వాడిపోయింది. "అయితే దానికి మర్యాదగా వీడ్కోలు చెప్పాలి" అని ఆదివారం ముగ్గురు స్నేహితుల్ని పిలిచాడు. పెరట్లో మంట వేసి చువ్వలకి మాంసం గుచ్చాం. ఆ వాసనకి పక్కింటివాళ్లు కూడా గోడ మీదికి ఎక్కి చూశారు. "అమ్మమ్మగారు మాంసం పంపలేదు గాని మాంసానికి ప్రాణం పంపారు" అన్నాడు బాద్రి. నీ పేరు మీద, పోతున్న పధ్నాలుగు వరుసల పేరు మీద గ్లాసులు ఎత్తాం. బాద్రి ఆఫీసులో ఇప్పుడు ఎవరి నోరు వాసన వచ్చినా పేరు రాసుకుంటున్నారు కాబట్టి టీ కుండలోంచే పోసుకున్నాం. కుండలో ఏముందో నువ్వు అడగకు. నలభై కొమ్మల్లో ఒక్క పుల్ల మిగల్లేదు.

ఇక నువ్వు అడిగినదానికి. పటం చూడడం కాదు, నేనే గీశాను. పై నుంచి అంకెలు వస్తాయి, వాటిని గీతలుగా మార్చడం నా పని. మీ పాఠపు తోట చుట్టూ ఎర్ర గీత నా చేతిదే. నీకు రాయడానికి నాలుగుసార్లు కాగితం తీశాను, నాలుగుసార్లూ చింపేశాను. కోప్పడు, నాకు తగిన శాస్తే.

కానీ ఒక దారి ఉంది. తినే ద్రాక్షని పెరకరు. ఆ వరుసల్లో ఉన్నది తినే ద్రాక్ష అని బడివాళ్లు రాసిస్తే చాలు, ఎవరూ వచ్చి కొరికి చూడరు. చాలాచోట్ల అదే చేస్తున్నారు. ఒక్క మాటతో పోయే పని. దయచేసి ఈసారికి పట్టు సడలించు. బాద్రికి పై ఉద్యోగం మాట నడుస్తోంది, ఇప్పుడు గొడవలు వద్దు.

నీ
పిక్రియా

*

నాఖెలారి
6 మార్చి 1986

పిక్రియాకు,

మీరు ఆదివారం కాల్చుకు తిన్నది ఒర్బులా.

పధ్నాలుగో వరుసలో ఉన్న నల్లద్రాక్ష పేరు అది. 1941లో, నేను ఈ బడిలో చేరిన ఏడాది, ఒక కొండపల్లె నుంచి తెచ్చి అంటు కట్టారు. ఆ పల్లె ఇప్పుడు లేదు. ఒర్బులా ఇంకెక్కడా లేదు. 31 గుంటల్లో 3 ఖాళీ, బతికి ఉన్న తీగలు 28.

ఈ ఫిబ్రవరిలో రెండు కట్టలు కోశాను. ఒకటి బడి పాకలో పెట్టాను. ఉత్తర్వు ప్రకారం దాన్ని మిగతా పుల్లలతో కలిపి తగలబెట్టారు. నేనుండేది బడి క్వార్టర్సు, నా పెరడూ బడి భూమిలోదే, కాబట్టి అక్కడ నాటి లాభం లేదు. రెండో కట్ట జిల్లా దాటించి నీకు పంపాను. తడి ఇసుకలో పాతిపెట్టి, ఏప్రిల్‌లో మీ అత్తగారి పెరట్లో నాటుతావని. ఒక్కో కొమ్మకు మూడు కణుపులు, నలభై కొమ్మలు.

మళ్లీ కోయడానికి లేదు. మిగిలిన కొమ్మలు తీగ బతకడానికి ఉంచినవి, వాటిలో రసం ఎక్కడం మొదలైంది. ఇప్పుడు కోసి నాటితే వేరు పట్టదు. నవంబరులో ఆకు రాలేదాకా ఆ 28 తీగలు నిలబడితేనే ఒర్బులా ఉంటుంది. ఏప్రిల్ ఇరవైన ట్రాక్టర్ వస్తే ఉండదు. ఇంతకన్నా తేలికగా చెప్పడం నాకు రాదు.

తినే ద్రాక్ష అని నేను రాయను. ఒర్బులా తోలు మందం, గింజ పెద్దది, పులుపు ఎక్కువ. పిట్ట కూడా తినదు. నలభై ఐదేళ్ల రిజిస్టరులో ఒక్క అబద్ధం లేదు. దాన్ని బతికించడానికి దాని పేరు మార్చాలంటే, బతికేది అది కాదు.

నీ దస్తూరీ చూసి నేను గర్వపడేదాన్ని.

దారెజాన్
ద్రాక్ష పాఠశాల ఉపాధ్యాయిని (రిటైర్డ్)

*

తబిలిసి
12 మార్చి 1986

అమ్మమ్మా,

సంతకంలో "అమ్మమ్మ" అన్న మాట తీసేశావు. సరే. నేను మాత్రం పైన అలాగే రాస్తాను.

నాకెలా తెలుస్తుంది? రెండు వేల మందికి కొమ్మ ఎలా పాతాలో నేర్పావు. నాకు నేర్పావా? వేసవి సెలవులకి వస్తే "తోటలోకి రాకు, బూట్లు పాడవుతాయి, లెక్కలు చెయ్యి" అనేదానివి. నేను గీతలు తిన్నగా గీయడం నేర్చుకున్నది నీ వంటింటి బల్ల దగ్గరే. మా ఇంట్లో ద్రాక్షపుల్ల అంటే పొయ్యిలోకే. నీకు తెలిసిందంతా నాకూ తెలుసని ఎందుకు అనుకున్నావు?

నీ ఉత్తరం చదివాక బాద్రి పెరట్లోకి పోయి మంట వేసిన చోట మోకాళ్ల మీద కూర్చుని బూడిద గెలికాడు. పచ్చిపుల్ల ఒకటైనా మిగిలిందేమోనని. వాళ్లమ్మ కిటికీలోంచి "ఒరేయ్, పోయిన ఉంగరం వెతుకుతున్నావా?" అని కేక వేసింది. "కాదమ్మా, అమ్మమ్మగారి ముందు నిలబడే ముఖం వెతుక్కుంటున్నా" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

నేను చేయగలిగింది చేస్తున్నాను. ఎలాగని అడగకు, నీకు నచ్చదు.

పిక్రియా

*

నాఖెలారి
24 మార్చి 1986

పిక్రియాకు,

నీవు చేసినది పోయిన సోమవారం నాకు చేరింది. రామాజ్ పరుగున వచ్చాడు, కాగితం చేతిలో పట్టుకుని.

"టీచరమ్మా, మీ మనవరాలు బంగారం! అర్జీ టైపు చేయించి పంపింది. 'పధ్నాలుగో వరుసలోనిది తినే ద్రాక్ష అని ధ్రువీకరిస్తున్నాను.' కింద మీ పేరు. సంతకం ఒక్కటి పెట్టండి, అందరం గట్టెక్కుతాం."

సంతకం పెట్టాను. దాని పైన నా చేత్తో ఇలా రాశాను: "ఈ వరుసలోనిది వైన్ ద్రాక్ష. వేరొకందుకు పనికిరాదు. దీనిని పెరకడానికి నేను అంగీకరించను." తేదీ వేశాను. రామాజ్ కుర్చీలో కూలబడి, "ఇదెవరికి పంపమంటారు?" అన్నాడు. ఎవరు అడిగితే వాళ్లకే పంపమన్నాను. పిరికివాడు గాని పంపాడు.

నా పేరు కింద నేను అనని మాట పెట్టావు. దీని గురించి ఇక్కడ ఇంకేమీ రాయను.

తోటలు పెరికించే కమిషన్ ఏప్రిల్ 8న వస్తోందని ఈ రోజు కబురు అందింది, ట్రాక్టర్‌తో సహా. గడువుకు పన్నెండు రోజుల ముందే. నా రాతకు అది జవాబు కావచ్చు.

నీ ఉత్తరంలో ఒక్క వాక్యం నిజం. నేను నేర్పలేదు. పాఠం చెప్పకుండా పరీక్ష పెట్టే ఉపాధ్యాయినికి మార్కులు తగ్గించే హక్కు లేదు. నలభై కొమ్మలూ నా తప్పు కిందే రాసుకున్నాను.

దారెజాన్

*

నాఖెలారి
9 ఏప్రిల్ 1986

పిక్రియాకు,

నిన్న జరిగినది వరుసగా రాస్తున్నాను. వేరేవాళ్లు పెంచి చెప్పకముందే నీకు తెలియాలి.

పొద్దున్నే షక్రో, నేను, వంటశాల ఆడవాళ్లు నలుగురు భోజనశాల బల్లలు మోసుకొచ్చి పధ్నాలుగో వరుస పొడవునా వేశాం. దుప్పట్లు పరిచాం. వేడి రొట్టె, చీజ్, ముల్లంగి, ఉడకబెట్టిన కోడి. షక్రో ఆరో బాన మూత తీశాడు. మూత తీయగూడదని ఉత్తర్వు ఉంది. "చదవడం రాదని చెబుతా" అన్నాడు. అతనికి చదవడం నేర్పింది నేను.

తొమ్మిదింటికి కమిషన్ వచ్చింది: ముగ్గురు మనుషులు, ఒక ట్రాక్టర్. నడిపేవాడు గెలా, అరవై రెండులో మా బడి నుంచి బయటికి వెళ్లినవాడు. బల్లలు చూసి ఇంజను ఆపాడు. రొట్టె పెట్టిన బల్ల మీదికి బండి తోలే మనిషి కఖేతిలో ఇంకా పుట్టలేదు.

"ఏమిటమ్మా ఇది?" అన్నాడు కమిషన్ పెద్ద.

"మా నేల మీద కాలు పెట్టారు, అతిథులు. ముందు కూర్చోండి. పని ఎక్కడికీ పోదు."

"మేం తాగకూడదు. మీరు పోయకూడదు."

"తాగమని ఎవరన్నారు? ఈ తోటలో పని నేర్చుకుని యుద్ధానికి పోయి తిరిగి రానివాళ్లు అరవై ముగ్గురు. పెరికే ముందు వాళ్లకు చెప్పి పెరకండి. పోయినవాళ్లకు టమాటా రసంతో చెప్పే ఊరైతే మీది, అలాగే కానీయండి."

వాళ్లలో ఇద్దరు ఈ లోయ మనుషులే. కూర్చున్నారు. మూడోవాడు కాసేపు నిలబడి, ఒక్కడే నిలబడడం బాగోలేదని కూర్చున్నాడు.

నేను 1941 నాటి హాజరు పట్టీ తెరిచాను. ఒక్కో పేరు, తండ్రి పేరు, ఊరు, ఏ వరుసలో పని చేసేవాడు, ఆ ఏడాది కత్తిరింపులో ఎన్ని మార్కులు. ఒక్కో పేరుకు అందరూ లేచి, పోయినవాళ్ల కోసం రొట్టె ముక్క మీద రెండు చుక్కల వైన్ వేసి, కూర్చోవాలి. పదో పేరు దగ్గర కమిషన్ పెద్ద తన గడియారం చూసుకున్నాడు. ఇరవయ్యో పేరు దగ్గర మానేశాడు. పిల్లల మార్కులు కూడా చదవాలా అని మూడోవాడు గొణిగితే, "వాళ్లకి ఇంకేం మిగిలింది?" అని పెద్దే కసురుకున్నాడు.

ముప్ఫై ఎనిమిదోది గెలా తండ్రి పేరు. పధ్నాలుగో వరుస, కత్తిరింపులో అయిదుకు నాలుగు మార్కులు. గెలా టోపీ తీశాడు.

"టీచరమ్మా, ఇంకొక్కసారి చదవరా?"

"పట్టీలో ఏ పేరూ రెండుసార్లు లేదు" అన్నాను. చదివాను.

"నాలుగేనా? మా అమ్మ అయిదని చెప్పేది."

"కొస కణుపు దగ్గర తప్పు కోశాడు. నాలుగే."

అందరూ నవ్వారు, గెలా కూడా, కళ్లు తుడుచుకుంటూనే. అరవై మూడు పేర్లయ్యేసరికి మూడు దాటింది. కమిషన్ నాలుగింటికి ఇంకో తోటకు చేరాలి. పెద్ద లేచి నా చేయి పట్టుకున్నాడు. "అమ్మా, ఈ పూట మీది. పదహారున మళ్లీ వస్తాను. ఆ రోజు బల్ల వేసినా లాభం లేదు, కాగితంలో ఉన్నది ఉన్నట్టు చేయకపోతే నా ఇల్లు కూలుతుంది. గీత లోపల ఉన్నదంతా పోవాలి." ఆ మాట నిజాయితీగా చెప్పాడు.

ఏడు రోజులున్నాయి. నాకు ఇంకే ఉపాయమూ తోచడం లేదు. ఇది ఎవరికీ ఇంతకుముందు రాయలేదు.

దారెజాన్

*

తబిలిసి
12 ఏప్రిల్ 1986

అమ్మమ్మా,

ముందు తప్పు ఒప్పుకుంటాను. నీ పేరు మీద ఆ అర్జీ పెట్టకూడదు. నిన్ను కాపాడుతున్నానని అనుకున్నాను. నీకు కాపలా అక్కరలేదని తెలిసి కూడా.

ఇప్పుడు అసలు విషయం. "గీత లోపల ఉన్నదంతా" అన్నాడని రాశావు కదా. నీ ఉత్తరం ఆఫీసులోనే చదివి, బీరువా తెరిచి నా పటం తీశాను. పధ్నాలుగో వరుస తోట చివరిది, నేలమాళిగ గోడ పక్కది. నా ఎర్ర గీత సరిగ్గా అక్కడే పోతుంది. పటంలో ఒక సెంటీమీటరు నేల మీద యాభై మీటర్లు. నా కలం ములుకు అర మిల్లీమీటరు. అంటే నేల మీద నా గీత మందమే రెండున్నర మీటర్లు. మీ వరుసకీ వరుసకీ మధ్య దూరం ఎంత అమ్మమ్మా? రెండున్నర అని నువ్వే ఒకసారి నాతో గుణకారం చేయించావు.

పధ్నాలుగో వరుస గీతకి లోపల లేదు, బయటా లేదు. గీత కింద ఉంది. మా ఆఫీసు నియమం ప్రకారం గీత కింద పడ్డ నేలని మళ్లీ మేకులు పాతి కొలిచేదాకా ముట్టుకోకూడదు. కొలతల బృందానికి డిసెంబరు దాకా ఖాళీ లేదు.

ఇందులో ఒక్క అబద్ధం లేదు. నువ్వే లెక్క చేసి చూసుకో.

మా అధికారికి చూపిస్తే, "అమ్మాయీ, ఇది నువ్వు నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు" అన్నాడు. "నేనే గీశాను కదండీ, నాకు తెలుసు" అన్నాను. "సంతకం నువ్వే పెట్టుకో, తర్వాత నీ ఖర్మ" అన్నాడు. పెట్టాను. ఇంటికొచ్చి బాద్రికి చెప్పాను, నీ పై ఉద్యోగం పోవచ్చని. రొట్టె నములుతూనే, "పై ఉద్యోగమంటే ఏముంది, ఇంకొంచెం పెద్ద బల్ల" అన్నాడు.

ముద్ర వేసిన కాగితం, పటం నకలు ఈ ఉత్తరంతోపాటే సోమవారం బస్సులో వస్తాయి. డ్రైవర్ నీ చేతికే ఇస్తాడు.

నీ
పిక్రియా

*

నాఖెలారి
17 ఏప్రిల్ 1986

నా పిక్రియాకు,

లెక్క చేశాను. మూడుసార్లు చేశాను. సరిపోయింది.

నిన్న ఉదయం ట్రాక్టర్ వచ్చింది. నీ కాగితం కమిషన్ పెద్ద చేతికిచ్చాను. చదివి, "ఇదేం వేళాకోళం? గీత మందమా?" అన్నాడు. రామాజ్ ముందుకొచ్చాడు. కాగితం మీది ముద్రకు వేలు ఆనించాడు: "అయ్యా, ముద్ర ఉంది. ముద్ర చూసే కదా పెరకడానికి వచ్చారు, ముద్ర చూసే ఆగండి." గెలా టేపు తీసి గోడ నుంచి కొలిచి వచ్చాడు. "గీతకి ఇవతల తోలమంటే తోలతా, అవతల తోలమంటే తోలతా. గీత మీద తోలడం నాకెవరూ నేర్పలేదు" అని బండి మెట్టు మీద కూర్చున్నాడు. కమిషన్ పెద్ద ఆ కాగితాన్ని రెండోసారి చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. అతను కొంచెం తేలికపడ్డాడని నాకు అనిపించింది.

మిగతా పదమూడు వరుసలు పోయాయి. 371 తీగలు. తొమ్మిదిన్నర నుంచి ఒకటిన్నర దాకా నిలబడి, ఒక్కొక్కటి నేలలోంచి వచ్చినప్పుడు రిజిస్టరులో కొట్టివేశాను. అంత పెద్ద వేళ్లు ఉంటాయని నలభై ఐదేళ్లు ఈ తీగల మధ్యే ఉన్న నాకే తెలియదు. షక్రో చూడలేక నేలమాళిగలోకి వెళ్లిపోయాడు. గెలా పని అయ్యాక వచ్చి ఏదో చెప్పబోయాడు. చెప్పవద్దన్నాను, మంచినీళ్లిచ్చాను.

పధ్నాలుగో వరుస నిలబడి ఉంది. 28. ఈ ఉదయం మళ్లీ లెక్కపెట్టాను. మొగ్గ విచ్చింది.

నువ్వు తోటలోకి రావద్దని ఎందుకన్నానో ఆలోచించాను. మీ అమ్మ మట్టి నుంచి పారిపోయింది, నిన్నైనా శుభ్రంగా ఉంచుదామనుకున్నాను. తప్పుడు నిర్ణయం. దిద్దుకుంటున్నాను. ఇకపై జరగవలసినవి:

1. డిసెంబరు దాకా కొలతల బృందం రాదన్న మాట తేదీతో, ముద్రతో కావాలి. మే 1 లోగా పంపు. రామాజ్ దాని నకలు గేటుకు అంటిస్తానన్నాడు. అంటించేదాకా పక్కన నిలబడతాను.

2. ఆరో బాన ఖాళీ అయింది. షక్రో దాన్ని కడిగి, పొగ పెట్టి, ఒర్బులా పంటకు సిద్ధం చేయాలి. టమాటాలకు మిగతా బానలు చాలు.

3. జూన్‌లో మీరిద్దరూ రావాలి. వారం రోజులు. అనవసరపు చిగుళ్లు తీయడం నేర్పుతాను. బూట్లు పాడవుతాయి, పాతవి తెచ్చుకోండి. బాద్రి నన్ను చూసి దాక్కోవద్దు. అతని పెద్ద బల్ల మాట నాకు నచ్చిందని చెప్పు.

4. కొలతలవాళ్లు ముందే బయలుదేరితే గెలా నీ ఆఫీసుకు ఫోను చేస్తాడు. వెంటనే బస్సెక్కు. నీ స్కేలు నువ్వే తెచ్చుకో, వాళ్లది నమ్మకు.

5. నిన్ను ఉద్యోగంలోంచి తీసేస్తే ఏడవకుండా ఇక్కడికి రా. ఈ బడిలో కొలతల పాఠం చెప్పేవాళ్లు లేరు.

6. నవంబరులో ఆకు రాలిన మర్నాడు తీగకు నాలుగు చొప్పున 112 కొమ్మలు. పధ్నాలుగు ఇళ్లకు, ఇంటికి ఎనిమిది. ఏ ఇళ్లో కాగితం మీద రాయను. ప్రతి ఇంటికీ నేనే వెళ్లి, ఎలా పాతాలో చేసి చూపించి, వాళ్ల చేత చేయించి వస్తాను.

7. ఆ కొమ్మల మొదటి కోత నీది. ఆ రోజుకు నేనుంటే పక్కన నిలబడతాను. లేకపోయినా కోయి. ఎవరి అనుమతి కోసమూ ఆగకు.

మీ అమ్మమ్మ
దారెజాన్